బీబీసీ మైక్రో బోర్డుకు మళ్లీ ప్రాణం: పవర్ సప్లై నుంచి మెమరీ చిప్పుల దాకా

స్విచ్చు వేయగానే పొడవాటి మోత ఒకటి, దాని వెనకే పొట్టిగా ‘పీప్’ మని ఇంకొకటి. బీబీసీ మైక్రో కంప్యూటర్ బాగుందని చెప్పే తొలి సంకేతం ఇదే. మొదటి మోత ఆగకుండా సాగిపోతే లోపల ఏదో చెడిందని అర్థం. ఈ రెండు ధ్వనులూ ఎక్కడి నుంచి వస్తాయో తెలిసినవారికి రిపేరులో సగం దారి అప్పుడే తెలిసిపోతుంది. మిగతా సగం దారిలో తోడుగా ఉండాలని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

కేంబ్రిడ్జ్‌లోని ఎకార్న్ కంపెనీ ఈ యంత్రాన్ని 1981 చివర్లో విడుదల చేసింది. బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ తలపెట్టిన కంప్యూటర్ అక్షరాస్యత ఉద్యమం కోసం తయారైంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. మన దేశంతోనూ దీనికి బంధం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల కోసం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకానికి ఎంచుకున్నది ఈ యంత్రాన్నే. ఆ తరం విద్యార్థుల్లో చాలామంది జీవితంలో మొదటిసారి తాకిన కీబోర్డు దీనిదే. అందుకే ఇది మన దగ్గరి పాత బడుల స్టోరు గదుల్లో, పాత సామాన్ల దుకాణాల్లో అప్పుడప్పుడు ఎదురుపడుతుంది. మీకూ ఒకటి దొరికితే దయచేసి ప్లగ్గు జోలికి వెళ్లకండి. ముందు ఇది చదవండి. ఇక్కడ చెప్పేవన్నీ 32 కిలోబైట్ల మెమరీ ఉన్న ‘మోడల్ బి’ గురించి.

స్విచ్చు వేయకముందు

పాత యంత్రం చేతికి రాగానే పనిచేస్తుందో లేదో చూడాలని మనసు తొందరపెడుతుంది. ఆ తొందర వల్ల పాడైపోయిన బోర్డులు చాలా ఉన్నాయి. నలభై ఏళ్లుగా నిద్రపోతున్న పవర్ సప్లైకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే మొదట తెగేది ఫ్యూజు కాకపోవచ్చు.

ముందు కొన్ని సామాన్లు సిద్ధం చేసుకోండి: మల్టీమీటర్, మంచి స్క్రూడ్రైవర్లు, మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న సోల్డరింగ్ ఐరన్, మణికట్టుకు కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ. ఆసిలోస్కోప్ ఉంటే అదృష్టమే. లేకపోతే తక్కువ ధరకు దొరికే లాజిక్ ప్రోబ్‌తో (తీగ మీది సంకేతం 0లో ఉందో, 1లో ఉందో, ఊగుతోందో దీపాలతో చూపే పరికరం) చాలా పని జరుగుతుంది. ఎకార్న్ సర్వీస్ మాన్యువల్‌లోని సర్క్యూట్ పటాన్ని ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. ఫోను తెరపై చూస్తూ ఈ పని చేయడం కష్టం. పెద్ద కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటూ వెళ్లాలి.

మూతను నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. రెండు వెనుక వైపు, రెండు అడుగున ముందు భాగంలో ఉంటాయి. పక్కన ‘ఫిక్స్’ అనే ముద్ర కనబడుతుంది. మూత పైకెత్తగానే ఎడమ పక్క పవర్ సప్లై డబ్బా, ముందు కీబోర్డు, దాని కిందుగా వెనక్కి పరుచుకున్న బోర్డు కనిపిస్తాయి. ఏ తీగా తీయకముందే నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా పవర్ సప్లై నుంచి బోర్డుకు వెళ్లే ఏడు తీగల ఫొటోలు స్పష్టంగా ఉండాలి. మూడు ఎరుపు తీగలు ప్లస్ 5 వోల్టులకు, మూడు నలుపు తీగలు సున్నాకు, ఒక ఊదా తీగ మైనస్ 5 వోల్టులకు. ఇవి విడివిడిగా రేకు కొనల మీదకు తొడిగే రకం. ఏ తీగైనా ఏ కొన మీదకైనా ఎక్కేస్తుంది. ఎరుపు, నలుపు తారుమారైతే బోర్డు మీది చిప్పులన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి తీసే ముందు ఒక్కో తీగకు కాగితపు చీటీ అంటించండి.

ఆ తర్వాత కీబోర్డు రిబ్బన్ కేబుల్‌నూ స్పీకర్ తీగనూ నిటారుగా పైకి లాగి తీయండి. అటూ ఇటూ ఊపితే పాత పిన్నులు వంగిపోతాయి. కీబోర్డు పక్కకు వెళ్లాక బోర్డు పూర్తిగా కనిపిస్తుంది. మన వాతావరణంలో ఏళ్ల తరబడి ఉన్న పెట్టె అయితే బల్లి గుడ్లు, బొద్దింకల రెట్ట, మందంగా పేరుకున్న దుమ్ము కనబడటం మామూలే. వాటిని పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో తీసేయండి. తడిగుడ్డ తగిలించకండి.

పవర్ సప్లై: అసలు ప్రమాదం ఇక్కడే

పవర్ సప్లై డబ్బాను పెట్టె నుంచి వేరు చేసి తెరిచే ముందు ఒక మాట. దీని లోపల మెయిన్స్‌ను నేరుగా డీసీగా మార్చి నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ ఉంటుంది. 230 వోల్టుల ఏసీ అక్కడ దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్గు తీసినంత మాత్రాన ఆ వోల్టేజీ వెంటనే పోదు. కనీసం పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో ఆ కెపాసిటర్ రెండు కొనల మధ్య కొలవండి. ఇంకా మిగిలి ఉంటే ఇన్సులేషన్ ఉన్న తీగలతో 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు తాకించి మళ్లీ కొలవండి. పది వోల్టుల లోపుకు దిగేదాకా వేలు పెట్టకండి. మెయిన్స్ పని ఎప్పుడూ చేయనివారు ఈ ఒక్క దశను అనుభవమున్న టీవీ మెకానిక్ చేతికి అప్పగించడం మంచిది. మన ఊళ్లలో ఆ నైపుణ్యానికి కొదవ లేదు.

మెయిన్స్ లోపలికి వచ్చే చోట పసుపుపచ్చగా, కొంచెం పారదర్శకంగా ఉన్న రెండు కెపాసిటర్లు కనిపిస్తాయి. వాటి పైపొర మీద సన్నటి బీటలు ఉంటే అనుమానమే అక్కర్లేదు. లోపల లోహపు పూత ఉన్న కాగితం పొరలుంటాయి. బీటల గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతుంది. కరెంటు ఇచ్చిన కొద్ది నిమిషాలకు అది వేడెక్కి, పగిలి, గది నిండా ఘాటైన పొగ నింపుతుంది. బీటలు లేకున్నా మార్చేయండి. ఒకటి 0.1 మైక్రోఫారడ్, ఇంకొకటి 0.01 మైక్రోఫారడ్. కొత్తవి తప్పనిసరిగా ‘ఎక్స్2’ తరగతివి, 275 వోల్టుల ఏసీకి తట్టుకునేవి, ఫిల్మ్ రకంవి కావాలి. మెయిన్స్‌కు అడ్డంగా కూర్చునే కెపాసిటర్ చెడినా మంట రాకుండా చెడాలి. ఎక్స్2 ముద్ర ఇచ్చే భరోసా అదే. అదే విలువ ఉన్న మామూలు కెపాసిటర్ వేస్తే ఆ భరోసా ఉండదు.

అవుట్‌పుట్ వైపు ఉండే 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కూడా వయసు మీద పడినదే. దాన్ని కూడా ఈ విడతలోనే మార్చండి. ప్లస్, మైనస్ కొనలు చూసుకుని పెట్టండి. మిగతావి ఉబ్బకుండా, కారకుండా ఉంటే వాటి జోలికి వెళ్లక్కర్లేదు. పాతది కనబడగానే అన్నీ పీకేయాలనే ధోరణి నాకు నచ్చదు. ప్రతి టంకానికీ బోర్డు ఎంతో కొంత మూల్యం చెల్లిస్తుంది.

మార్చాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన మెకానిక్కులు వాడే సిరీస్ బల్బు పద్ధతి చాలా మేలు. 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బును ఫేజు తీగలో వరుసగా కలపండి. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపేయండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. షార్టు లేదని తేలాక బల్బు తీసేయండి. దాన్ని అలాగే ఉంచి లోడు పెడితే పవర్ సప్లై తడబడుతుంది, ఆ కొలతలను నమ్మలేం.

ఇప్పుడు కూడా బోర్డును కలపకండి. ప్లస్ 5 వోల్టుల తీగకూ సున్నా తీగకూ మధ్య 4.7 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను పెట్టండి. ఒక ఆంపియర్‌కు కాస్త ఎక్కువ కరెంటు పారుతుంది. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి పింగాణీ పలక మీద ఉంచండి. ఆ లోడుతో 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య నిలకడగా ఉండాలి. మైనస్ 5 కూడా చూడండి. అరగంట అలా నడిపి, మీటరులో అంకె కదలడం లేదని చూశాకే బోర్డు సంగతి.

బోర్డును చదవడం నేర్చుకోండి

పవర్ సప్లై అరగంట పరీక్షలో ఉండగా బోర్డు మీద పరిచయాలు చేసుకుందాం. బోర్డు మీద ‘ఇష్యూ’ అని ముద్రించి పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అది డిజైన్ ఏ విడతదో చెబుతుంది. మీ సర్క్యూట్ పటం అదే ఇష్యూకు సంబంధించినదో కాదో చూసుకోండి.

ప్రతి చిప్పు పక్కనా దాని వరస సంఖ్య ఉంటుంది. ఐసీ1 అనేది 6502ఎ ప్రాసెసర్, వేగం 2 మెగాహెర్ట్జ్. ఐసీ2 అనేది 6845, తెర మీద ఏ క్షణాన మెమరీలోని ఏ చోటును చూపాలో లెక్కపెట్టేది. ఐసీ3 సిస్టమ్ వీఐఏ, అంటే ప్రాసెసర్‌కూ మిగతా పరికరాలకూ మధ్య వారధి లాంటి చిప్పు. కీబోర్డు, ధ్వని చిప్పు దీని ద్వారానే ప్రాసెసర్‌తో మాట్లాడతాయి. ఐసీ5 టెలిటెక్స్ట్ (టీవీ తెర మీద అక్షరాల పేజీలు చూపే పద్ధతి) అక్షరాలు గీసే ఎస్ఎఎ5050. ఐసీ6 వీడియో యూఎల్ఏ, ఈ యంత్రం కోసమే తయారైన ప్రత్యేక చిప్పు. మెమరీ నుంచి వచ్చిన బిట్లను రంగులుగా మార్చడం దాని పని. అంతేకాదు, 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం నుంచి వచ్చే స్పందనలను 8, 4, 2, 1 మెగాహెర్ట్జ్‌లుగా విడగొట్టి అందరికీ పంచేదీ అదే. ఐసీ18 ధ్వని చిప్పు ఎస్ఎన్76489. ఐసీ69 యూజర్ వీఐఏ. ముందు భాగంలో కుడి పక్కన వరసగా ఉన్న ఐదు పెద్ద సాకెట్లు రామ్ (రాసి చెరిపే మెమరీ) కోసం కాదు, రోమ్ (కరెంటు లేకున్నా చెరగని, చదవడానికి మాత్రమే ఉన్న మెమరీ) చిప్పుల కోసం. వాటిలో ఐసీ51 ఆపరేటింగ్ సిస్టమ్‌ది. మిగతా నాలుగింటిలో ఒకదానిలో బేసిక్ భాష ఉంటుంది. ఐసీ53 నుంచి ఐసీ68 దాకా ఉన్న పదహారు చిన్న చిప్పులే మెమరీ, అంటే రామ్.

ఈ డిజైన్‌లో నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే సంగతి ఒకటుంది. మెమరీ 4 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. అందులో ఒక విడత ప్రాసెసర్‌ది, మరుసటి విడత తెరది. ఇద్దరూ ఒకరి దారికి ఒకరు అడ్డురారు. ఆ కాలపు చాలా యంత్రాల్లో తెర గీస్తున్నప్పుడు ప్రాసెసర్ ఆగి నిలబడాల్సి వచ్చేది. ఇందులో ఆ అవసరం లేదు. ఇంకో విశేషం కూడా ఉంది. ఈ మెమరీ చిప్పులు డైనమిక్ రకం. వాటిని తరచుగా తాకకపోతే అందులోని సమాచారం ఆవిరైపోతుంది. తెర కోసం 6845 మెమరీని వరసగా చదువుతూ ఉండటమే వాటిని తాజాగా ఉంచుతుంది. అందువల్ల తెరకు సంబంధించినదిగా కనిపించే 6845 చెడితే బొమ్మ పోవడంతో ఆగదు, కంప్యూటర్ జ్ఞాపకమే పోతుంది. రిపేరులో ఈ విషయం మరిచిపోతే రోజులు వృథా అవుతాయి.

చిలుము, సాకెట్లు

సాకెట్లలో ఉన్న చిప్పుల కాళ్లు నల్లబడి ఉండటం చూస్తారు. వెండి పూత మీద ఏర్పడిన పొర అది. సముద్ర తీరపు ఊళ్లలో ఉన్న యంత్రాలకైతే పచ్చటి చిలుము కూడా పడుతుంది. ఒక్కో చిప్పునూ పైకి తీసి శుభ్రం చేసి మళ్లీ కూర్చోబెట్టడం వల్లే బతికిన బోర్డులు చాలా ఉంటాయి. అందుకే ఇది మొదటి చికిత్స.

చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకోండి. పలచటి చదును స్క్రూడ్రైవర్‌ను చిప్పుకూ సాకెట్‌కూ మధ్య పెట్టి, ఒక కొన కొద్దిగా, ఇంకో కొన కొద్దిగా, మార్చి మార్చి లేపండి. సాకెట్‌కూ బోర్డుకూ మధ్య పెడితే సాకెట్టే ఊడి వస్తుంది, జాగ్రత్త. కాళ్లను ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్షుతో తుడవండి. నలుపు వదలకపోతే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒక్కో కాలినీ పైనుంచి కిందికి రుద్దండి. ఉప్పుకాగితం వద్దు, పూత పోతుంది. తిరిగి పెట్టేటప్పుడు చిప్పు తల మీది గాటు ఏ దిక్కున ఉండేదో మీ ఫొటోలో చూసుకోండి. ఒకసారికి ఒక చిప్పే తీయండి. అన్నీ తీసి బల్ల మీద పరిస్తే ఏది ఎక్కడిదో వెతుక్కోవాల్సి వస్తుంది.

మొదటిసారి స్విచ్చు వేసినప్పుడు వినండి

తీగలు, కీబోర్డు, స్పీకరు అన్నీ ఫొటోతో సరిచూసుకుని కలిపి స్విచ్చు వేయండి. వెంటనే ఐసీ1 ఎనిమిదో పిన్నుకూ ఒకటో పిన్నుకూ మధ్య వోల్టేజీ కొలవండి. ఇక్కడ 4.75 కంటే తక్కువ ఉంటే పవర్ తీగల కొనల దగ్గరే నష్టపోతోంది. వాటిని శుభ్రం చేసి బిగుతుగా తొడగండి.

ఇక ధ్వని సంగతి. ధ్వని చిప్పుకు కరెంటు అందగానే ఎవరూ చెప్పకుండానే తనంతట తాను మోగడం మొదలుపెడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నిద్రలేచి, మెమరీని శుభ్రం చేసి, చిప్పులన్నింటినీ సర్దుకుని దాన్ని ఆపుతుంది. ఆ తర్వాత ‘నేను సిద్ధం’ అన్నట్టు పొట్టి పీప్ వినిపిస్తుంది. అంటే మోత ఆగలేదంటే ప్రాసెసర్ ఆ పనుల దాకా చేరలేదు. ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్, మెమరీ, సిస్టమ్ వీఐఏ, 6845, క్లాక్, రీసెట్ వీటిలో ఏదో ఒకటి దోషి. మోత, పీప్ రెండూ సవ్యంగా వచ్చి తెర చీకటిగా ఉంటే కంప్యూటర్ బతికే ఉంది, వీడియో దారిలోనే తెగింది. ఏ ధ్వనీ, ఏ దీపమూ లేకపోతే మళ్లీ పవర్ దగ్గరకే వెళ్లాలి. అన్నీ బాగుండి తెర మీద ‘లాంగ్వేజ్?’ అనే ప్రశ్న కనిపిస్తే భయపడకండి. బేసిక్ రోమ్ దొరకలేదని సిస్టమ్ చెబుతోంది. దాని కాళ్లు ఇంకోసారి తుడిచి చూడండి, లేదా పక్క సాకెట్‌లో పెట్టి చూడండి.

మోత ఆగకపోతే

ఈ క్రమాన్ని తప్పకండి: క్లాక్ (చిప్పులన్నింటినీ నడిపే లయ), రీసెట్ (ప్రాసెసర్‌ను మొదటి నుంచి మొదలుపెట్టించే సంకేతం), ఆ తర్వాత చిరునామా తీగలు (మెమరీలో ఏ చోటు కావాలో ప్రాసెసర్ చెప్పే తీగలు).

ప్రాసెసర్ 37వ పిన్ను మీద 2 మెగాహెర్ట్జ్ స్పందన రావాలి. లాజిక్ ప్రోబ్ అయితే ‘పల్స్’ దీపం వెలగాలి. రాకపోతే స్ఫటికం దాకా వెనక్కి నడవండి. మధ్యలో ఉండేది వీడియో యూఎల్ఏ. పాత యూఎల్ఏలు బాగా వేడెక్కుతాయి కాబట్టి వాటి మీద హీట్‌సింక్ అతికించి ఉంటుంది. అది ఊడిపోయి ఉంటే తిరిగి అతికించండి.

40వ పిన్ను రీసెట్. స్విచ్చు వేసిన క్షణంలో తక్కువలో ఉండి ఆ తర్వాత 5 వోల్టుల దగ్గర నిలబడాలి. కీబోర్డు మీది బ్రేక్ మీట నొక్కితే మళ్లీ కిందికి దిగాలి. ఎప్పుడూ కిందే ఉంటే బ్రేక్ మీట ఇరుక్కుందేమో చూడండి. తర్వాత రీసెట్ ఇచ్చే 555 టైమర్‌ను అనుమానించండి.

రెండూ బాగుంటే ప్రాసెసర్‌ను ఒంటరిగా నడిపి చూసే పరీక్ష ఒకటుంది. నాకు ఇది అన్నింటికంటే ఇష్టమైన దశ. 6502కు ‘ఏమీ చేయకు, తర్వాతి చోటుకు వెళ్లు’ అనే ఆజ్ఞ ఒకటి ఉంది. పదహారు ఆధార సంఖ్యల్లో దాని సంకేతం ఇఎ, బైనరీలో 11101010. డేటా తీగల మీద ఎప్పుడూ ఆ సంఖ్యే కనిపించేలా చేస్తే ప్రాసెసర్ రోమ్‌తో, రామ్‌తో పని లేకుండా మొత్తం 65,536 చిరునామాలనూ వరసగా లెక్కపెట్టుకుంటూ పోతుంది.

దీనికి 40 పిన్నుల ఖాళీ సాకెట్ ఒకటి తీసుకోండి. డేటా తీగలకు చెందిన, 26 నుంచి 33 దాకా ఉన్న ఎనిమిది కాళ్లను పక్కకు వంచండి, అవి బోర్డును తాకకూడదు. వాటిలో 26, 27, 28, 30, 32 పిన్నులను ఒక్కో కిలోఓమ్ రెసిస్టర్‌తో ప్లస్ 5కు కలపండి. 29, 31, 33 పిన్నులను అలాగే సున్నాకు కలపండి. ప్రాసెసర్‌ను ఇందులో పెట్టి, దీన్ని ఐసీ1 సాకెట్‌లో కూర్చోబెట్టండి. స్విచ్చు వేశాక తొమ్మిదో పిన్ను, అంటే ఎ0, సెకనుకు దాదాపు 5 లక్షల సార్లు ఊగాలి. పదో పిన్ను అందులో సగం, పదకొండోది దానిలో సగం. అలా చివరి చిరునామా తీగ ఎ15, అంటే 25వ పిన్ను, సెకనుకు సుమారు 15 సార్లే ఊగుతుంది. అక్కడ ఎల్‌ఈడీని రెసిస్టర్‌తో కలిపితే అది మిణుకుమిణుకుమనడం కంటికే కనిపిస్తుంది. ఈ మెట్ల వరస సవ్యంగా ఉంటే ప్రాసెసర్ బాగుంది. ఏదైనా ఒక తీగ కదలకపోయినా, రెండు తీగలు ఒకే వేగంతో ఊగినా ఆ తీగను పటంలో వెతికి, దాని మీద కూర్చున్న చిప్పులను ఒక్కొక్కటిగా తీసి చూడండి.

ప్రాసెసర్ మార్చాల్సి వస్తే చివర ‘ఎ’ ఉన్నదే తీసుకోండి. అక్షరం లేని 6502 ఒక మెగాహెర్ట్జ్‌కు తయారైనది.

సిస్టమ్ వీఐఏ మీద అనుమానం వస్తే కొత్తది కొనక్కర్లేదు. రెండూ సాకెట్లలో ఉన్న బోర్డు అయితే ఐసీ3ను, ఐసీ69ను ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. రెండూ 6522లే. మోత ఆగిపోతే దోషి దొరికినట్టే.

మెమరీ తప్పును అక్షరాల్లో పట్టుకోవడం

పదహారు చిప్పుల్లో ఏది చెడిందో తెలియక అన్నింటినీ పీకేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. తెర మీది అక్షరాలే ఆ చిప్పు పేరు చెబుతాయి.

ఒక్కో చిప్పు ఒక్కో బిట్టును మాత్రమే దాస్తుంది. ఎనిమిది చిప్పులు కలిస్తే 16 కిలోబైట్లు. అలాంటివి రెండు జట్లు. సిస్టమ్ తన సొంత పనులకు వాడుకునే చోటు కింది జట్టులో ఉంటుంది. తెరకు సంబంధించిన చోటు పై జట్టులో ఉంటుంది. కింది జట్టులో చిప్పు చెడితే సాధారణంగా యంత్రం లేవదు. పై జట్టులో చెడితే లేస్తుంది, కానీ తప్పులు చూపిస్తుంది.

పై జట్టులో సున్నా బిట్టు ఎప్పుడూ 1 దగ్గర ఇరుక్కుందనుకోండి. ఇంగ్లిష్ అక్షరం ‘బి’ సంకేతం 66, అది 67 అవుతుంది, అంటే ‘సి’. ‘సి’ అప్పటికే బేసి సంఖ్య కాబట్టి మారదు. ఆ రకంగా తెర మీద బీబీసీ అన్న మూడక్షరాలూ ‘సీసీసీ’ అవుతాయి. ‘పి’ కాస్తా ‘క్యూ’ అవుతుంది, ‘టి’ కాస్తా ‘యు’, ‘ఆర్’ కాస్తా ‘ఎస్’. 32 అంకె 33గా కనిపిస్తుంది. ఖాళీ సంకేతం 32 కాబట్టి అదీ 33 అయి, తెర మొత్తం ఆశ్చర్యార్థక గుర్తులతో నిండిపోతుంది. సరి సంఖ్యలన్నీ బేసి సంఖ్యలయ్యాయంటే సున్నా బిట్టే. చిన్న అక్షరాలన్నీ పెద్ద అక్షరాలై, అంకెలు మాయమైతే ఐదో బిట్టు 0 దగ్గర ఇరుక్కుంది. కాగితం మీద సరైన అక్షరం సంకేతాన్ని, కనిపిస్తున్న అక్షరం సంకేతాన్ని బైనరీలో ఒకదాని కింద ఒకటి రాయండి. తేడా ఉన్న నిలువు వరసే మీ చిప్పు. ఆ బిట్టుకు చెందిన ఐసీ సంఖ్య సర్క్యూట్ పటంలో ఉంటుంది.

ఇందులో వాడినవి 4816 రకం చిప్పులు, 5 వోల్టులు ఒక్కటే చాలు. పేరు దగ్గరగా ఉందని 4116 పెట్టకండి. వాటికి మూడు రకాల వోల్టేజీలు కావాలి.

చిప్పు తీయడం

మెమరీ చిప్పులు బోర్డుకు నేరుగా టంకం వేసి ఉంటే చెడిన చిప్పును కాపాడాలని చూడకండి. కాపాడాల్సింది బోర్డును. సన్నటి కట్టరుతో కాళ్లన్నీ చిప్పు ఒంటి దగ్గర కత్తిరించి, ఒంటిని తీసేయండి. తర్వాత ఐరన్‌ను 330 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంచి, ఒక్కో కాలినీ వేడిచేసి పట్టకారుతో బయటకు లాగండి. లాగడానికి బలం కావాల్సి వస్తే టంకం ఇంకా కరగలేదన్నమాట. కొద్దిగా కొత్త సీసపు టంకం కలిపి మళ్లీ వేడిచేయండి. రంధ్రాలను టంకం పీల్చే రాగి అల్లికతో శుభ్రం చేసి సాకెట్ వేయండి. రంధ్రాల లోపలి పూత బోర్డు రెండు వైపుల గీతలనూ కలుపుతుంది. అది ఊడి వచ్చిందని అనిపిస్తే సాకెట్ వేశాక రెండు వైపులా కంటిన్యుటీ కొలిచి నిర్ధారించుకోండి.

తెర, కీబోర్డు

యంత్రం లేచినప్పుడు మోడ్ 7లో, అంటే టెలిటెక్స్ట్ అక్షరాలు చూపే తెర పద్ధతిలో ఉంటుంది. ఆ మోడ్‌లో అక్షరాలు గీసేది ఎస్ఎఎ5050. ఇతర మోడ్లలో దానికి పాత్ర లేదు. కాబట్టి పీప్ వినిపించినా తెర మీద చెత్త కనబడితే, తెరను పట్టించుకోకుండా ‘మోడ్ 4’ అని టైపు చేసి రిటర్న్ నొక్కండి. అక్షరాలు శుభ్రంగా వస్తే ఎస్ఎఎ5050 దారిలో తప్పుంది. అప్పుడూ రాకపోతే వీడియో యూఎల్ఏ, 6845 వైపు చూడండి. బొమ్మ అసలే లేకపోతే మానిటర్‌ను కూడా అనుమానించాలి. ఈ యంత్రం గీతల వేగం 15.625 కిలోహెర్ట్జ్. ఈ కాలపు వీజీఏ మానిటర్లలో చాలావాటికి అది అందదు. వెనుక ఉన్న బీఎన్‌సీ సాకెట్ నుంచి వచ్చే కాంపోజిట్ సంకేతాన్ని టీవీ పసుపు సాకెట్‌కు కలిపితే నలుపు తెలుపులోనైనా బొమ్మ వస్తుంది. పరీక్షకు అది చాలు.

కీబోర్డులో కొన్ని మీటలు మాత్రమే పలకకపోతే ఆ మీటలను వందసార్లు నొక్కడమే తొలి మందు. ఒక వరస మొత్తం చచ్చిపోతే రిబ్బన్ కేబుల్ చూడండి. క్యాప్స్ లాక్ దీపం వెలిగి ఉండటం ఆరోగ్య లక్షణమే. క్యాసెట్ రిలే పనిచేస్తుందో లేదో తెలియాలంటే నక్షత్రం గుర్తు, వెంటనే ‘మోటర్ 1’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. లోపల ‘టిక్’ మని వినిపించి, మోటర్ దీపం వెలగాలి. సున్నా కొడితే ఆరిపోవాలి.

అడుగున ‘ట్యూబ్’ అనే పొడవాటి కనెక్టర్ ఉంటుంది, రెండో ప్రాసెసర్‌ను తగిలించడానికి. దాన్ని ఆల్కహాల్‌తో తుడిచి వదిలేయండి, రిపేరులో దానితో పని పడదు. కానీ తుడిచేటప్పుడు గుర్తుంచుకోండి: ఎకార్న్ ఇంజినీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొట్టమొదటి ఆర్మ్ (నేటి ఫోన్లలో ఉండే రకం) ప్రాసెసర్ 1985 ఏప్రిల్‌లో ఊపిరి పోసుకున్నది బీబీసీ మైక్రోకు ఇదే దారిలో తగిలించినప్పుడు. మీ జేబులోని ఫోను వంశవృక్షం అక్కడ మొదలవుతుంది.

మూత బిగించే ముందు

రెండు మూడు గంటలు వదలకుండా నడపండి. చిన్న బేసిక్ ప్రోగ్రాం ఒకటి రాసి మెమరీ నింపుతూ, చదువుతూ ఉండనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక తప్పులు చేసే చిప్పులు ఈ సమయంలోనే బయటపడతాయి. అరగంటకోసారి 5 వోల్టులు కొలవండి, పెద్ద చిప్పుల మీద వేలు పెట్టి చూడండి. వీడియో యూఎల్ఏ వేడిగా ఉండటం సహజం. మెమరీ చిప్పుల్లో ఒక్కటే పక్కవాటికంటే బాగా వేడిగా ఉంటే అది వెళ్లిపోయే దారిలో ఉంది.

అంతా బాగుంటే చిన్న కాగితం తీసుకోండి. ఏ తేదీన తెరిచారో, ఏ కెపాసిటర్లు, ఏ చిప్పులు మార్చారో, ఐసీ1 దగ్గర ఎన్ని వోల్టులు కొలిచారో దాని మీద రాయండి. మూత లోపలి వైపు అంటించి, నాలుగు స్క్రూలు బిగించండి. ఈ పెట్టెను మళ్లీ తెరిచే మనిషికి మొదట కనిపించేది ఆ కాగితమే.